దారం అడిగినప్పుడల్లా

“నీ చేతిలో పనితనం ఉంది కరుణా” అన్నాడు స్టీఫెన్, పెసరట్టు తుంచుకుంటూ.

కరుణశ్రీ చేతిలో అట్లకాడ ఆగింది. పెనం మీద అట్టు మాడింది. మాడితే మాడనీ. పదకొండేళ్ళ కాపురంలో తన కుట్టుపని గురించి ఆ మనిషి అన్న మాటలన్నీ ఆమెకి వరసగా గుర్తున్నాయి. మొదటి ఏడు, “ఇల్లంతా ఈ పీలికలేంటి, చింపిరిగా!” మూడో ఏడు, నీహారిక కడుపులో ఉండగా పాపకి పక్కబట్ట కుట్టుకుంటుంటే, “మీ అమ్మ పత్తి ఏరింది, నువ్వు గుడ్డలు ఏరుతున్నావు. ఏరుకునే బుద్ధి ఎక్కడికి పోద్దిలే!” అని నవ్వాడు కూడా. నవ్వుతూ అంటే ఏ మాటైనా సరసమైపోతుందని ఈ మగాళ్ళకి ఎవరు చెప్పారో గాని. కిందటేడు, “సార్ గారి భార్య బస్టాండు వెనక పాతబట్టల కుప్పలో కూచుని కనపడిందని మా స్టాఫ్ రూములో చెప్పుకుంటున్నారు. నా తలకాయ ఎక్కడ పెట్టుకోవాలి?” ఆ తలకాయే ఇవాళ అట్టు నముల్తూ పనితనం అంటోంది.

సంతోషపడాలేమో. పడలేదు. మెచ్చుకోలు అలవాటు లేని మనిషికి మెచ్చుకోలు వస్తే ముందు వెనక్కి తిరిగి చూస్తుంది, తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారా అని. కరుణశ్రీ అలాగే చూసింది. తలుపు పక్కన మూట ఉంది. దుప్పటిలో కట్టిన గుడ్డల మూట.

“మా స్టాఫ్‌లో ఒకావిడ ఇచ్చారు. పాతవే, ఉతికినవే. నీకు పనికొస్తాయని తెచ్చా. మంచి బొంత కుట్టు. శనివారానికల్లా అయిపోవాలి.”

“శనివారానికా? ఇవాళ సోమవారం. బొంతంటే నెల పనండీ.”

“అంత సన్నగా కుట్టమని ఎవరన్నారు? ముందు ముక్కలు చెయ్యి. చిన్న చిన్న ముక్కలు.”

“అవునే, చిన్న ముక్కలైతేనే అందం” అంది వసారాలోంచి అత్తగారు మేరమ్మ, చిక్కుడుకాయలు ఈనె తీస్తూ.

కరుణశ్రీ మాడిన అట్టు గీకి పక్కన పడేసింది. ఒక మెచ్చుకోలైతే ఏదో గాలివాటం అనుకోవచ్చు. రెండా? ఒకే పొద్దున, ఒకే ఇంట్లో, తల్లీ కొడుకూ ఇద్దరికీ బొంత అందం గురించి ఒకేసారి జ్ఞానోదయమైతే దాన్ని ఏమనాలి? గుడ్డ ముక్క ఎంత ఉండాలో ఆ మనిషికి ఎందుకు? జేబురుమాలు ఎక్కడుందో తెలియదే ఆయనకి. తన చొక్కా గుండీ ఊడితే దాన్ని ఎవరు కుడుతున్నారో, ఎప్పుడు కుడుతున్నారో కూడా తెలియదు. చొక్కాకి గుండీలు వాటంతటవే మొలుస్తాయని ఆయన నమ్మకం.

ఇంతలో ఆయనే, చెయ్యి కడుక్కుంటూ, అసలు సంగతి దానికి సంబంధం లేనట్టు చెప్పాడు. “ఆదివారం ఎ.కొండూరు వెళ్ళాలి. నువ్వూ రావాలి. హెప్సిబా పెట్టె ఇచ్చెయ్యాలంట. ప్రేమ్ తెస్తాడు, నువ్వే సర్దు.”

హెప్సిబా ఆమె తోడికోడలు. మరిది ప్రేమ్ కిరణ్ భార్య. ఏడాదిన్నర క్రితం పెళ్ళి. వాళ్ళిద్దరూ విస్సన్నపేటలో ఉండేవాళ్ళు, అతనికి అక్కడ ఎరువుల కంపెనీలో ఉద్యోగం. ప్రతి ఆదివారం చర్చిలో పూజకీ, ఈ ఇంట్లో భోజనానికీ తిరువూరు వచ్చేవాళ్ళు. నలభై రోజుల క్రితం ఆ పిల్ల ఒంటి మీద బట్టతో షేర్ ఆటో ఎక్కి ఎ.కొండూరులో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఎందుకని ఈ ఇంట్లో అడిగితే ఒకటే జవాబు: “తల తిక్క.” మొదటిసారి పెద్దమనుషులు కూచున్నప్పుడు స్టీఫెన్, ప్రేమ్ ఇద్దరే వెళ్ళొచ్చారు. ఆ రోజు కరుణశ్రీ పని ఏంటంటే, వాళ్ళు తిరిగొచ్చేసరికి కోడికూర వండిపెట్టడం.

భర్త బడికీ, కూతురు బడికీ వెళ్ళాక, గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి, అత్తగారికి కాఫీ ఇచ్చి, తన పదకొండు గంటల సొంత ప్రపంచంలో కూచుంది కరుణశ్రీ. ప్రపంచమంటే వెనక గదిలో కిటికీ కింద ఒక చాప, బిస్కట్ల డబ్బాలో సూదులు, అట్టముక్కలకి చుట్టిన దారాలు. ఆ దారాలు షాపువి కావు. తిరువూరులో ఏ షాపులోనూ దొరకవు. కుట్టడానికి పనికిరాకుండా పీలికలైపోయిన చీరలుంటాయే, వాటి పోగులు ఒక్కొక్కటే లాగి, మూడేసి పోగులు కలిపి తొడ మీద పురిపెట్టి, సమాధుల పండగకి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్క మీద సర్రున లాగితే తయారయ్యే దారం. వాళ్ళమ్మ పుల్లమ్మ నేర్పింది. గంపలగూడెం చేలల్లో పత్తి తీసిన చేతులవి. “కొనుక్కున్న దారం వానకి మెత్తబడుద్దే, చీర దారం చీరంత కాలం ఉంటది” అనేది. ఆమె పోయాక మిగిలిన ఒకే ఒక్క మెరూన్ రంగు చీరని కరుణశ్రీ అలాగే దారం చేసింది. దాచుకోవడానికి పెద్ద చీరేం కాదు, చేలో చెమటకి జీర్ణమైపోయిన చీర. ఉన్నంత దారం తీసింది. అంతే.

మూట విప్పింది. నైటీలు ఐదు. ఇంట్లో వేసుకునే జాకెట్లు ఆరు. చుడీదార్ టాపులు రెండు. లంగా ఒకటి. బ్లీచింగు వాసన గుప్పుమంది. పాతబట్టల్ని బ్లీచింగులో నానబెట్టి దానమిచ్చే టీచరమ్మ ఎవరబ్బా?

మొదట వచ్చిన అనుమానం నీచంగా ఉంది గాని దాచడం ఎందుకు. ఆడదాని నైటీలు ఈయన చేతికి ఎలా వచ్చాయి? స్టాఫ్‌లో ఒకావిడ అంటే ఎవరావిడ? పేరెందుకు చెప్పలేదు? సహోద్యోగికి నైటీలు కట్టి ఇస్తుందా ఏ ఆడదైనా, ఎంత పాతవైనా? కరుణశ్రీ ఆ బట్టల్ని ఒక్కొక్కటే చాప మీద పరిచి, ఆవిడ ఎలాంటిదో చూడడం మొదలుపెట్టింది. గుడ్డని చూసి మనిషిని చెప్పడం ఆమెకి వచ్చు. బస్టాండు వెనక పాతబట్టల దుకాణం నడిపే అబీదా నేర్పిన విద్య అది. కుప్పలోంచి చీర తీసి, “ఇది వంటమనిషిది, చూడు, ఎడం కొంగు పక్కన చెయ్యి తుడుచుకున్న మాపు. ఇది పిల్లలు లేనావిడది, కుచ్చిళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో” అని చెప్పేది. బట్ట చిరగడంలోనూ రెండు రకాలని చెప్పింది. అరిగి చిరిగిన చోట పోగులు పల్చబడి, నూగు లేచి, వెలుతురు కనిపిస్తుంది. లాగితే చిరిగిన చోట చుట్టూ బట్ట గట్టిగా, కొత్తగా ఉంటుంది. మధ్యలో ఒక్క గీత మాత్రం తిన్నగా పోతుంది.

ఈ మూటలో అరిగి చిరిగింది ఒక్కటీ లేదు.

పసుప్పచ్చ నైటీ కుడిభుజం దగ్గర జానెడు చిరుగు. నీలం నైటీ మెడ వెనక. జాకెట్లకి హుక్కులు ఊడలేదు, హుక్కులున్న పట్టీయే బట్టతో సహా ఊడొచ్చింది. ఒక టాపు చంక నుంచి నడుం దాకా. చాలావాటికి మాసికలు. ఎవరో ఓపిగ్గా, చిరుగు రెండంచులూ దగ్గరికి తెచ్చి, చీమ నడిచినట్టు సన్నగా కుట్టారు. జాకెట్లకి పక్కల్లో లోపలికి వేసిన కుట్లు ఒకటి కాదు, మూడు వరసలు. బట్ట కొత్తదనం పోకముందే ఆ మనిషి మూడుసార్లు చిక్కింది.

ప్రియురాలి జాకెట్లు ఇలా ఉండవు అనుకుంది కరుణశ్రీ. పసుప్పచ్చ నైటీ భుజం మీద మాసిక మెరూన్ రంగులో ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. గోటితో గీరింది. గోట్లో మైనం వచ్చింది.

వాళ్ళమ్మ చీర.

తరవాత అన్నీ తిరగేసింది. చిలకాకుపచ్చ. ఆవపువ్వు రంగు. బూడిద నీలం. ప్రతి మాసికా తన డబ్బాలో దారమే. తను పురిపెట్టిన దారమే. తొమ్మిది మాసికలు.

“అక్కా, దారం ఉందా?”

ఆదివారం భోజనాలయ్యాక, మగాళ్ళు టీవీ ముందు కూలబడ్డాక, గిన్నెల దగ్గర పక్కన కూచుని అడిగేది హెప్సిబా. మట్టల ఆదివారం నాడు మొదటిసారి అడిగింది. చేతిలో ఇంకా కొబ్బరిమట్ట సిలువ ఉంది. “ఏ రంగు?” అంటే “ఏదైనా పర్లేదక్కా, గట్టిగా ఉండాలి” అంది. మెరూన్ దారం చుట్టిన అట్ట ఆఖరిది చేతిలో పెట్టింది తను. ఆ తరవాత ఈస్టరు దాటాక. బళ్ళు తెరిచిన వారం. మరియమాత పండగనాడు, జ్వరమొచ్చినట్టున్న మొహంతో. మధ్య మధ్యలో అడిగినవి కలిపితే మొత్తం తొమ్మిదిసార్లు. “ఏంటే హెప్సీ, దారం తింటున్నావా?” అని తను జోక్ కూడా వేసింది. ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూసి తనూ నవ్వింది. పైగా అత్తగారు “ఏంటంట దానికి?” అని అడిగితే, “అజాగ్రత్త మనిషి అత్తయ్యా, తలుపు గడియలకి తగిలించుకుని చింపుకుంటదంట” అని తనే చెప్పింది. హెప్సిబా చెప్పిన మాటనే చెప్పింది. నమ్మిందా? ఏమో. ఇప్పుడు చాప మీద కూచుని తనని తను అనుమానంగా చూసుకుంది కరుణశ్రీ. నమ్మావా, లేక నమ్మితే తేలికని నమ్మావా?

లేచి వసారాలోకి వెళ్ళింది. మామూలు గొంతుతో అడిగింది. “అత్తయ్యా, ఈ నైటీలావిడ మంచి నాణెమైన బట్టే కొనుక్కుందే! ఇంకా రెండేళ్ళు కట్టుకోవచ్చు. ఎందుకిచ్చేసిందంటారు?”

“నాకేం తెలుసే. నేను చూశానా పెట్టానా?”

“కాదు, బట్ట ఇంత గట్టిగా ఉంది కదా, ముక్కలు చెయ్యాలంటే ప్రాణం ఒప్పట్లేదు.”

గుడ్డ మాట ఎత్తేసరికి మేరమ్మ మొహం మెత్తబడింది. ఆవిడ పాత గోనెసంచి దారం కూడా చుట్టి దాచే మనిషి. “అందుకేగా! వాడు తగలెట్టేద్దామన్నాడు. నేనే వద్దన్నా. అంత గుడ్డ బుగ్గి చెయ్యడం పాపం కాదా, బొంతైతే చలికాలం కప్పుకోవచ్చని...” అని, ఠక్కున ఆగింది. చిక్కుడుకాయ ఈనెని చూస్తూ, “అంటే, ఎవరింట్లోనైనా అంతేగా అంటున్నా” అంది.

“అంతేగా అత్తయ్యా” అంది కరుణశ్రీ.

వాడు అంటే ఎవడు? స్టాఫ్‌లో ఆవిడని మేరమ్మ వాడు అనదు. పొయ్యిలో పెట్టుంటే ఇవాళ ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. గుడ్డ వృథా అవుతుందన్న పీనాసితనం వల్ల, నలభై రోజులుగా నోరు మూసుకున్న ఇల్లు నోరు తెరిచింది. తెలివిగల మగాళ్ళిద్దరూ ఆ మూట తెచ్చి, తిరువూరు మొత్తంలో దాన్ని చదవగల ఒకే ఒక్క మనిషి చేతికిచ్చారు. గుడ్డలు ఏరుకునే దానికేం తెలుస్తుందిలే అని. పదకొండేళ్ళు వెటకారం చేసిన పనికి కళ్ళు ఉంటాయని వాళ్ళకి తట్టలేదు.

మర్నాడు కూరగాయల సంచి అడుగున పసుప్పచ్చ నైటీ పెట్టుకుని అబీదా దుకాణానికి వెళ్ళింది.

అబీదా నైటీని రెండు చేతులతో వెలుతురుకి ఎత్తి పట్టింది. వక్క నముల్తున్న నోరు ఆగింది. “ఇది వెనకనుంచి పట్టుకుని లాగారు. మనిషి ముందుకి పోతుంటే. ఇదిగో చూడు, చిరుగు వీపు వైపు మొదలైంది.” మడిచి ఒళ్ళో పెట్టుకుంది. “ఎవరిది కరుణమ్మా? నీదా?”

“కాదు.”

“మా అక్కకి ఇలాంటివి ఉండేవి. అప్పట్లో నైటీలు కాదులే, జాకెట్లు. మేమూ చూశాం. గుడ్డ నాసిరకం అని దుకాణపోణ్ణి తిట్టాం. గుడ్డదేం తప్పు!”

“నీ ఫోను ఒకసారిస్తావా అబీదా? నా ఫోనులోంచి చేస్తే మా ఆయన చూస్తారు.”

“ఇవ్వకేం? చేస్కో. బ్యాలెన్సు ఎంతుంటే అంత మాట్లాడు.”

హెప్సిబా నంబరు నొక్కింది. పెట్టె సంగతేంటని అడిగింది. “అక్కా, నీకు చెప్పలేదా వాళ్ళు? నా పెట్టె తెమ్మని నేనే అడిగా. అంతమంది మగాళ్ళ మధ్య ఎక్కడ కొట్టాడు, ఎలా కొట్టాడు అంటే నాకు నోరు రాలేదక్కా. నా బట్టలు చూడండి, అవే చెప్తాయి అన్నా. ఆదివారం బట్టల్లో ఏమీ కనపడకపోతే కాగితం రాసి అదే రోజు కాపురానికి పంపించేస్తారంట. మా నాన్న కూడా ఒప్పుకున్నాడు.” మళ్ళీ తనే, “వాటిని ఏం చేశారో తెలుసా అక్కా?”

“తెలుసు” అంది కరుణశ్రీ. “నా దగ్గరే ఉన్నాయి.”

అవతల ఏడుపు వినిపించింది. ఇవతల అబీదా ఎవరో బేరం చేస్తుంటే, “తరవాత రండమ్మా, ఇప్పుడు కొట్టు కట్టేశా” అని తెరిచిన కొట్టు ముందు నిలబడి కసురుతోంది.

ఆ సాయంత్రం స్టీఫెన్ పాఠం చెప్పాడు. పాఠం చెప్పడం ఆయన వృత్తే కదా. “ఆదివారం నువ్వు ఒక్క మాట చెప్తే చాలు. పెద్దకోడలివి, నీ మాటకి విలువుంటుంది. ఈ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉన్నాను, ఇక్కడ ఆడదాని మీద చెయ్యెత్తరు. అంతే. అబద్ధం చెప్పమనట్లేదుగా! నేనెప్పుడైనా నిన్ను కొట్టానా?”

“లేదండి.”

“మరి?”

మరి. కొట్టలేదు. నిజం. దేవుడి ముందు ప్రమాణం చెయ్యొచ్చు. ఆయన మీద చూపించడానికి కరుణశ్రీ దగ్గర ఒక్క చిరుగు కూడా లేదు. డిగ్రీ పాసైన సర్టిఫికెట్టు బీరువాలో ఏ అరలో ఉందో మర్చిపోయింది, దానికి ఎవరూ చెయ్యెత్తలేదు. ఆడబిడ్డ పురుళ్ళకి, చుట్టాల పెళ్ళిళ్ళకి ఇప్పటిదాకా ఇరవైకి పైగా బొంతలు కుట్టిచ్చింది. “మా వదిన ఖాళీగానే ఉంటది, ఇంకోటి కుట్టిపెడతదిలే” అని ఆడబిడ్డ ఫోనులో ఎవరికో చెప్తుంటే వింది, ఎవరూ చెయ్యెత్తలేదు. వాళ్ళమ్మ పుల్లమ్మ ఈ ఇంటికొస్తే కుర్చీలో కూచోడానికి భయపడి గడప దగ్గర చతికిలబడేది. కూచోమని అన్నవాళ్ళు లేరు, చెయ్యెత్తినవాళ్ళూ లేరు. తనని ఎవరూ లాగలేదు. రోజూ ఒకే చోట రాచుకుని రాచుకుని, పోగు పోగు పల్చబడింది. వెలుతురుకి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. దానికి పెద్దమనుషులు కూచోరు. దానికి పెట్టె తెమ్మనరు. చిరిగితేగా!

“సరేనండి, చెప్తాను” అంది.

ఆయన మొహంలో నిశ్చింత చూసింది. “అందుకే నువ్వంటే నాకు గౌరవం” అన్నాడు. ఆయన నోట వారంలో రెండో మెచ్చుకోలు. లెక్క పెరుగుతోంది.

బుధవారం నుంచి శుక్రవారం దాకా కుట్టింది. బొంతకి లోపల పాతబట్టలు పరుస్తారు, పైన అందమైన అతుకులు వేస్తారు. లోకంలో ఏ బొంతైనా ఇంతే, అందం పైన, అసలు సంగతి లోపల. నైటీల అడుగు కుచ్చుల్లోంచి మాత్రం అంగుళం వెడల్పు పట్టీలు కత్తిరించి, తన దగ్గరున్న ముక్కలతో కలిపి పైభాగం అతికింది. ఆ రంగులు పైన కనిపిస్తే చాలు, అత్తగారి కళ్ళు అక్కడే ఆగుతాయి. మిగతా బట్టలన్నీ, ఒక్క మాసిక మీద కూడా కత్తెర పడకుండా, చిరుగులు పైకి వచ్చేలా, పాత దుప్పటి మీద పరిచి కుట్టింది. ఆ కుట్లు గట్టివి. తన జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ కుట్టలేదు. పైభాగాన్ని మాత్రం నాలుగు పక్కలా పొడుగాటి కచ్చా కుట్టు ఒక్కటే వేసి వదిలింది. ఒకే దారం. కొస పట్టి లాగితే మొత్తం జారిపోయే కుట్టు.

నీహారిక బడి నుంచి వచ్చి పక్కన కూచుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. “అమ్మా, లోపల బట్టలన్నీ చిరిగిపోయినవే ఎందుకేస్తున్నావు?”

“పాడైపోకుండా దాస్తున్నానమ్మా.”

“చిరిగినవి పాడైపోయినట్టే కదా?”

“కాదు. పిన్నివి ఇవి. పిన్నికి ఇచ్చెయ్యాలి.”

పిల్ల ఏమనుకుందో గాని, నాన్నమ్మ వస్తున్న చప్పుడికి తన స్కూలు బ్యాగు తెచ్చి ఆ బట్టల మీద అడ్డంగా పెట్టింది. ఎనిమిదేళ్ళకే తెలుసు, ఈ ఇంట్లో ఏది ఎవరికి కనపడకూడదో. ఎవరు నేర్పారు? చూసి నేర్చుకుంది. తనని చూసే. ఆదివారం నాడు నోరు తెరవడానికి ఏ కొంచెం సందేహమున్నా, ఆ బ్యాగుతోనే పోయింది.

శుక్రవారం సాయంత్రం మేరమ్మ బొంతని తడిమి తడిమి చూసింది. “ముక్కలన్నీ చేశావా?”

“లోపల పరిచేశానత్తయ్యా. పైన కూడా వేశాను, చూడండి, నీలం పూలు.”

“మెత్తగా ఉందే! ఊరికే పోయేదాన్ని ఎంత పనికొచ్చేలా చేశావు!” నిజంగానే మురిసిపోయింది ముసలమ్మ. కరుణశ్రీకి ఆవిడ మీద ఒక్క క్షణం జాలేసింది. ఒక్క క్షణమే.

శనివారం ప్రేమ్ కిరణ్ పెట్టె తెచ్చాడు. మంచి చీరలు, పెళ్ళి జాకెట్లు, అలంకారాల డబ్బా. “వదినా, నీట్‌గా సర్దు. వాళ్ళు వంక పెట్టకూడదు” అని పడేసి, ఫోను చూసుకుంటూ కూచున్నాడు. పెట్టె సర్దేది ఎవరు? ఆడదే. అన్నదమ్ములిద్దరూ ఏం మాట్లాడాలో, ఎలా మాట్లాడాలో, ఎవరు ముందు మాట్లాడాలో కూచుని తేల్చుకున్నారు. పెట్టె సర్దే పని మాత్రం ఇంకొకరి మీద వదిలేశారు. కరుణశ్రీ అడుగున బొంత పరిచింది. పైన చీరలు పేర్చింది. మేరమ్మ వచ్చి పైన చీరలు చూసి తలూపి వెళ్ళింది.

ఆదివారం ఆ పెట్టెని స్టీఫెనే భుజాన పెట్టుకుని ఆటో ఎక్కించాడు. “ఏంటే ఇంత బరువు?” అన్నాడు.

“ఆడపిల్ల బట్టలండి. బరువే ఉంటాయి.”

ఎ.కొండూరులో హెప్సిబా వాళ్ళింటి ముందు పందిట్లో కుర్చీలు వేశారు. మగాళ్ళకి కుర్చీలు, ఆడవాళ్ళకి చాపలు. తమతో వచ్చిన మేరమ్మ పక్కన చాప మీద కూచుంది కరుణశ్రీ. మధ్యలో రిటైరైన హెడ్మాస్టరు సీతారామారావు గారు, రెండు వైపులా చెరో ఇద్దరు పెద్దలు. ఆయన ముందు బల్ల మీద రాజీ కాగితం సిద్ధంగా ఉంది. చేతిరాత స్టీఫెన్‌ది, గుండ్రంగా, బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు. హెప్సిబా గోడకి ఆనుకుని చాప మీద కూచుంది. చిక్కిపోయింది. ఆ జాకెట్టు పక్కకి నాలుగో వరస కుట్టు పడుంటుంది.

ప్రేమ్ కిరణ్ ముందు మాట్లాడాడు. “మేం భార్యాభర్తలం సార్, మాటా మాటా వస్తది. కానీ చెయ్యి చేసుకోవడం మా వంశంలో లేదు. తను అజాగ్రత్త. గడియకి తగిలించుకుని బట్టలు చింపుకుంటది, తరవాత నా మీద చెప్తది.”

“ఈ మాట మా ఆవిడే అంది సార్, అప్పట్లోనే” అని స్టీఫెన్ అందుకున్నాడు. “అజాగ్రత్త మనిషని. అడగండి కావాలంటే.”

సీతారామారావు గారు కరుణశ్రీ వైపు తిరిగారు. “అమ్మా, నువ్వు పెద్దకోడలివి. ఆడదానివి, ఆడపిల్ల సంగతి నీకే తెలుస్తుంది. పెట్టె తెచ్చారుగా, అందులో ఈ అమ్మాయి చెప్పిన బట్టలేమైనా ఉన్నాయా?”

కరుణశ్రీ లేచింది. భర్త మొహం చూడలేదు. చూస్తే ఆగిపోతానేమోనని భయం. పదకొండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది! పెట్టె తెరిచింది. చీరలు ఒక్కొక్కటే తీసి హెప్సిబా ఒళ్ళో పెట్టింది. బొంత తీసి పందిరి మధ్యలో పరిచింది. అతుకుల పైభాగం, నీలం పూలు, చూడముచ్చటగా ఉంది.

“బొంతెందుకే ఇప్పుడు?” అంది మేరమ్మ, గొంతు సన్నగా.

కరుణశ్రీ మూల దగ్గర దారం కొస వెతికి, వేలికి చుట్టి లాగింది. సర్రుమని నాలుగు పక్కలా నడిచిపోయింది కచ్చా కుట్టు. పైభాగం ఊడి పక్కకి జారింది. లోపల ఐదు నైటీలు, ఆరు జాకెట్లు, రెండు టాపులు, ఒక లంగా. చేతులు చాపుకుని పడుకున్న మనుషుల్లా ఉన్నాయి.

హెప్సిబా తల్లి చాప మీంచి పాక్కుంటూ వచ్చి పసుప్పచ్చ నైటీ భుజం మీద చెయ్యి పెట్టింది. “ఇది నేనే కొన్నా. కొత్త సంవత్సరానికి” అంది.

“ఇవి లాగితే చిరిగినవండి” అంది కరుణశ్రీ. “గడియకి తగిలితే మూలగా, ముక్కోణంలా చిరుగుద్ది. ఇవి తిన్నగా చిరిగాయి. చూడండి. ముట్టుకుని చూడండి, మైల ఏం లేదు, బ్లీచింగులో ఉతికించారు.”

“నాటకం ఇదంతా!” ప్రేమ్ కిరణ్ కుర్చీ వెనక్కి పడింది. “వారం రోజులు ఈవిడ దగ్గరే ఉన్నాయి సార్ ఇవి. ఈవిడకి కుట్టుపనేగా వచ్చింది! ఈవిడే చింపి, ఈవిడే కుట్టింది. ఇద్దరూ కలిసి చేశారు.”

“కరుణా!” అన్నాడు స్టీఫెన్. పేరు ఒక్కటే. ఆ ఒక్క పేరులో ఇల్లు, పిల్ల, రేపటి అన్నం, అన్నీ ఉన్నాయి. ఆమెకి అర్థమైంది. అర్థమైనా తిరగలేదు.

“ఈ మెరూన్ దారం మా అమ్మ చీరదండి” అంది హెడ్మాస్టరు గారితో. “మా అమ్మ పోయింది. ఆ చీర అయిపోయింది. ఆఖరి దారం మట్టల ఆదివారం నాడు ఈ పిల్లకిచ్చాను. ఆ తరవాత నా దగ్గర ఒక్క మూర లేదు, ఎక్కడా దొరకదు. కాబట్టి నేను వారంలో కుట్టింది కాదు. ఈ చిలకాకుపచ్చ, బళ్ళు తెరిచిన వారం. ఈ ఆవపువ్వు రంగు, మరియమాత పండగ. తొమ్మిది మాసికలున్నాయి. ప్రతిదానికీ రోజు చెప్తాను.”

సీతారామారావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, వంగి మాసిక చూశారు. గోటితో గీరారు. మైనం చూసుకున్నారు. తలెత్తి, మెల్లగానే అడిగారు. “మరి, దారం ఇచ్చింది నువ్వే కదమ్మా. అన్నిసార్లు అడిగితే నీకు అనుమానం రాలేదా?”

పందిట్లో అందరూ ఆమె వైపు చూశారు. ప్రేమ్ కిరణ్ పెదవి మీద చిన్న నవ్వు మొదలైంది. దొరికిపోయింది అన్నట్టు.

కరుణశ్రీ బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ రాజీ కాగితాన్ని వెనక్కి తిప్పి, రాతలేని వైపు పైకి పెట్టి, పెన్ను ఆయన ముందుకి జరిపింది.

“తొమ్మిదిసార్లు వచ్చిందండి. తొమ్మిదిసార్లూ మింగేశాను. ముందు నా పేరు రాయండి, తరవాత వాళ్ళవి రాద్దురుగాని.”